దోసెపిండంత పలచన

ఆ రోజు పొద్దున కూడా త్యాగరాజుకి తల దువ్వింది భార్య అనసూయే. ఆయన కుడి చెయ్యి చెవి దాకా లేవదు మరి. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీ ఆఫీసుల్లో సీలింగుకి బిగించే జిప్సం బోర్డుల అతుకుల మీద కాగితం టేపు అంటించి, పుట్టీ పూసి, అతుకు ఎక్కడుందో కనిపెట్టలేకుండా చేసిన చెయ్యి అది. భుజం పడిపోయినా గర్వం మాత్రం తగ్గలేదు.

"ఆ గొట్టం మెషీన్ని ఇవాళ అమ్మేస్తున్నా" అన్నాడు. "టేపూ పుట్టీ కలిపి తనే అంటిస్తుందట! మరి సీలింగంతా పొక్కులెందుకు లేచినట్టో?"

ఆ మెషీను తెచ్చింది కూతురు ఉష. సివిల్ డిప్లొమా చేసి తండ్రితోనే పనికి వస్తోంది. ఆయన బాధ చూడలేక, గుర్గావ్‌లో మూసేస్తున్న ఓ కంపెనీ దగ్గర వెతికి మరీ కొంది. పోయిన నెల నోయిడా సైటులో మొదటిసారి వాడితే, మర్నాటికల్లా టేపు ఉబ్బింది. సైట్ ఇంజనీరు రఘునందన్ కేకలేశాడు. "మా అమ్మాయి చేసిన నిర్వాకం సార్" అనేశాడు త్యాగరాజు అందరి ముందూ. ఆ పిల్ల తలొంచుకుని, సీలింగంతా గీకి, వారం రోజులు ఒక్కతే చేత్తో మళ్లీ వేసింది.

"నాన్నా, ఆ రోజు పుట్టీ పలచగానే కలిపావా?" అంది ఉష.

"అచ్ఛా! నాకే నేర్పుతున్నావా?"

"దోసెపిండిలా ఉంటేనే గొట్టంలోంచి దిగుతుందని చెప్పానుగా."

"నీళ్లెక్కువ పోసేది పనిదొంగలు!"

"అంటే గట్టిగానే కలిపావు."

త్యాగరాజు మొహం తిప్పుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"ఠీక్ హై. అమ్మెయ్" అని ఉష అద్దం ముందుకి వెళ్లింది. క్లిప్పు పెట్టుకోబోతే చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. అనసూయ గబుక్కున క్లిప్పు అందుకుంది.

"నీక్కూడానా తల్లీ?"

"ఆ సీలింగు వేసినప్పట్నుంచీ. నాన్నకి చెప్పకు."

ఆ మాట ఆయన చెవిన పడనే పడింది. సిగ్గుతో చచ్చిపోయాడు. గొట్టంలోంచి పుట్టీ సరిగా దిగక టేపు అంటుకోనప్పుడే తప్పెవరిదో ఆయనకి తెలుసు. రఘునందన్ అరుస్తుంటే నిజం నాలుక చివరి దాకా వచ్చింది. మేస్త్రీనన్న పేరు పోతుందని మింగేశాడు. కన్నకూతురి పేరు పోయినా ఫర్వాలేదనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పదింటికి నోయిడా సైటుకి తండ్రీకూతుళ్ల వెంట ఆ మెషీనూ వచ్చింది.

"మళ్లీ ఇదెందుకు త్యాగరాజుగారూ?" అన్నాడు రఘునందన్.

"ఆ రోజు తప్పు దీనిదీ కాదు, మా అమ్మాయిదీ కాదు సార్. తను చెప్పినా వినకుండా పుట్టీ గట్టిగా కలిపింది నేను. తెలిసి కూడా అమ్మాయి మీదకి తోశాను."

పనివాళ్లంతా చూస్తున్నారు. ఆయన తలెత్తలేకపోయాడు. బకెట్టులో పుట్టీ కలిపి, ఎడమచేత్తో ఉష ముందుకి జరిపాడు.

"చూసి చెప్పమ్మా. ఈ పలచన చాలా?"

ఉష కర్రతో తిప్పి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యి నాన్నా."

త్యాగరాజు పోశాడు.