నాలుగో సాంచా రిలే

నూలు పున్నమి నాడు భవాని పేట్‌లో ఒక్క సాంచా నడవదు. ఏడాది పొడుగునా చెవులు చిల్లులు పడేలా మోగే ఆ మరమగ్గాలు, ఆ ఒక్కరోజు పసుపు కుంకుమలు పెట్టించుకుని బుద్ధిగా కూర్చుంటాయి. పేటంతా కొత్త జంధ్యాలు వేసుకుని దేవుడి రథం వెంట పోయింది. మధ్యాహ్నం సాంచాల యజమాని రామచంద్రం మాలక్ షెడ్డులో మిగిలింది యాదగిరి ఒక్కడే.

యాదగిరి సాంచాలు బాగుచేసే ఫిట్టరు. చేతిలో ఎంత పనితనం ఉందో ముక్కు మీద అంతకు రెట్టింపు కోపం ఉంది. పొద్దంతా పానాలు, పొద్దుగూకితే గిటారు. ఆ సాయంత్రం దాజీ పేట్ చౌక్‌లో ఆర్కెస్ట్రా. అతని వాయిద్యం వినడానికి పుణె నుంచి ఒకాయన వస్తున్నాడు. నచ్చితే వెంట తీసుకుపోతాడు, లేదంటే ఈ నూలు నూగు పీలుస్తూ ఇక్కడే ముసలివాడవ్వాలి.

చిక్కల్లా ఒక్కటే. గిటారును మారుమోగించే ఎకో మిషను స్టేజీ వెనక యాంప్లిఫయరు దగ్గర ఉంటుంది. సోలో వచ్చినప్పుడల్లా పాట మధ్యలో వెనక్కి పరుగెత్తి దాని మీట మార్చాలి. జనం ఈలలు వేసి నవ్వేవారు. అందుకే ఇప్పుడు ఒక పెట్టె కట్టాడు. స్టేజీ ముందు కాలి కింద ఒక మీట, దానికి ఇరవై అడుగుల తీగ, వెనక పెట్టెలో ఎనిమిది టార్చి సెల్లులు, ఒక రిలే. కాలితో నొక్కితే రిలే టిక్కుమని గిటారు శబ్దాన్ని ఎకోలోకి మళ్లిస్తుంది. మళ్లీ నొక్కితే ఎకోను బైపాస్ చేసి నేరుగా పంపిస్తుంది. రిలే కొనలేదు. పనిముట్ల డబ్బాలో దొరికింది. దొరికిందనడం కూడా అబద్ధమే. అది పదకొండు నెలలుగా అక్కడే ఉందని వాడికి తెలుసు. నాలుగో సాంచా నుంచి స్వయంగా ఊడదీసింది వాడే.

"యాదగిరీ!"

తలుపు దగ్గర నర్సమ్మ. నాలుగో సాంచా మీద చనిపోయిన మల్లేశం భార్య. బీడీలు చుట్టి చుట్టి నల్లబడిన వేళ్లతో తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాళనన్న నిజం చెప్పు. ఆ దినం మీ అన్న తాగిండా?"

"నాకేమెర్క వదినె? పండుగ పూట ఇదేం లొల్లి?"

"తాగి బెల్టుల పడ్డడని పేటంత చెప్పిండు మాలక్. బడిల నా బిడ్డను తాగుబోతోని బిడ్డ అంటున్నరు. ఆయన ఎన్నడు సుక్క ముట్టలే. నీకెర్కలేదా?"

"లేదన్న గద! పో ఈడికెల్లి!"

"పోను. మెట్ల మీదనే కూసుంట. నువ్వు చెప్పినంకనే లేస్త."

ఆమె అడిగింది తాగుడు గురించే, రిలే గురించి ఒక్క మాట అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, యాదగిరి చెయ్యి పోయి పెట్టెను కప్పేసింది.

సాంచా వెనక నిలబడితే ముందున్న హ్యాండిలు అందదు. అప్పుడు ఆపాలంటే చేత్తో ఒక పడుగు పోగు తెంపాలి. పోగు తెగితే పిన్ను పడుతుంది, రిలే టిక్కుమంటుంది, మోటారు ఆగుతుంది. పేటలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. కానీ వానాకాలంలో నూగు పట్టి నాలుగో సాంచా ఊరికే ఆగిపోతుంటే రామచంద్రం చిరాకు పడ్డాడు. "తీసి పారెయ్యి దాన్ని, తీగలు కలిపెయ్యి" అన్నాడు. యాదగిరి కలిపేశాడు. రాత్రిపాళీకి ఒక్కడే వచ్చే మల్లేశంతో ఆ మాట చెప్పకుండానే ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి మల్లేశం మెడలోని తువ్వాలు బెల్టులో చిక్కి బిగిసిపోయి ఉంది. పిడికిట్లో ఎర్రటి చద్దరు పోగులు. ఒకటీ రెండూ కాదు, నలభై దాకా తెంపాడు పాపం. సాంచా ఆగలేదు. ఆ పిడికిలిని ఎవరూ విప్పలేకపోయారు, పోగులతోనే దహనం చేశారు. యాదగిరి ఈ పదకొండు నెలలూ రామచంద్రాన్ని తిట్టుకున్నాడు, చచ్చిన మల్లేశాన్ని తిట్టుకున్నాడు, మాటిమాటికీ వచ్చి అడిగే నర్సమ్మనూ తిట్టుకున్నాడు. తిట్టనిది తననొక్కడినే.

పెట్టెను పరీక్షించడానికి యాంప్లిఫయరు, ఎకో మిషను, స్పీకరు నాలుగో సాంచా వెనకే పెట్టుకున్నాడు. పళ్లు కొరుకుతూ గిటారు మెడలో వేసుకున్నాడు. కాలిమీట నొక్కాడు. టిక్. ఎకో పలికింది. మళ్లీ నొక్కాడు. టిక్. ఆగింది. బ్రహ్మాండంగా ఉంది.

కాలు తీసేశాడు.

టిక్.

అతుకు సరిగా పడలేదేమో అనుకున్నాడు. పెట్టె తెరిచి సెల్లులన్నీ ఊడదీసి బల్ల మీద పేర్చాడు.

టిక్... టిక్...

కాలిన బెల్టు వాసన వచ్చింది. దాని వెనకే చెమటకు తడిసిన తువ్వాలు వాసన. స్పీకరు మెల్లగా బుసకొట్టింది. అందులోంచి, ఎక్కడో లోపలి నుంచి...

"యాదీ... యాదీ... యాదీ..."

వాడిని అలా పిలిచేది మల్లేశం ఒక్కడే.

భయం వేసింది. భయం వేసినందుకు ఇంకా ఒళ్లు మండింది. "సచ్చినోనివి సచ్చినట్టుండు!" అని అరిచి, యాంప్లిఫయరు ప్లగ్గు పీకడానికి నాలుగో సాంచా వెనక్కి పోయి వంగాడు.

బెల్టు కదిలింది.

గోడ మీద సాంచాల మెయిను స్విచ్చు ఆపేసే ఉంది. వాడు కళ్లారా చూశాడు. అయినా కదిలింది. గిటారు పట్టీని పట్టుకుంది. మెడకు బిగిసింది. హ్యాండిలు అందదు. చెయ్యి దానంతటదే పడుగు మీదికి పోయింది. ఒక పోగు తెంపాడు. ఆగలేదు. గుప్పెడు తెంపాడు... ఆగలేదు.

చెవి పక్కన వేడి ఊపిరి.

"ఎట్లుందిరా?"

"మల్లేశన్నా... ఇడువు..."

"చెప్పు."

ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు. "నేనే తీసిన! రిలే నేనే తీసిన! మాలక్ తియ్యుమన్నడు, నేను తీసిన! అన్న తాగలే!"

టిక్.

బెల్టు ఆగింది. యాదగిరి నేల మీద పడి దగ్గాడు. తలెత్తితే ఎదురుగా నర్సమ్మ. ఆమె కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

"నాకొక్కదానికి చెప్తె ఏం ఫాయిదా?" అంది. "చౌక్‌ల మైకు ఉంటది గద. అండ్ల చెప్పు."

సరేనని చెయ్యెత్తాడు. పిడికిలి విడలేదు. నాలుగో సాంచా మీద ఇప్పుడు తెల్ల తువ్వాళ్ల పడుగు ఉంది, అందులో ఒక్క పోగూ తెగలేదు. వాడి వేళ్ల సందుల్లో మాత్రం ఎర్ర పోగులు. నర్సమ్మ వాటిని ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవి ఆయనతోని కాలినయి గదరా..."

ఆ సాయంత్రం యాదగిరి గిటారు లేకుండానే స్టేజీ ఎక్కాడు. మూసుకున్న పిడికిలితో ఏం వాయిస్తాడు? పెట్టెను షెడ్డులోనే వదిలేశాడు. పుణె ఆయన చూస్తుండగా, పేటంతా వింటుండగా, మైకు ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చివరి మాట నోటి నుంచి రాగానే పిడికిలి విడింది. అరచెయ్యి ఖాళీగా ఉంది.

ముందు వరుసలోంచి రామచంద్రం లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఝూట్!" అని పిడికిలెత్తి అరిచాడు. "వాడు తాగే సచ్చిండు!"

స్టేజీ మీది స్పీకర్లలో టిక్కుమంది.

రామచంద్రం చెయ్యి దించాడు. పిడికిలి విప్పబోయాడు. రెండో చేత్తో వేళ్లు లాగాడు. పక్కనున్న కొడుకు కూడా పట్టి లాగుతున్నాడు. ఆ వేళ్ల సందులోంచి ఎర్రటి పోగు ఒకటి కిందికి వేలాడుతోంది.