బాదు పెద్దాయన ఇంకా డ్యూటీ దిగలేదు

కుమాసీలో మా అచ్చాఫీసు వెనక గదికి చెడ్డపేరు వచ్చి అప్పటికి మూడు నెలలు. చీకటి పడ్డాక ఆ వైపు కుక్క కూడా వెళ్ళేది కాదని చెప్పుకునేవాళ్ళు. కుక్క సంగతి నాకు తెలీదు. మేం మాత్రం వెళ్ళేవాళ్ళం కాదు.

ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క మిషను. దాన్ని అందరం ముసలమ్మ అనేవాళ్ళం. కంప్యూటరు కేంద్రం నుంచి అచ్చయి వచ్చే పరీక్ష ఫలితాల కాగితం విడి కాగితాలుగా రాదు. మడతల మీద మడతలుగా, మొదలూ చివరా లేనట్టు ఒకటే కట్టగా వస్తుంది. పైగా మూడు పొరలు, పొరకీ పొరకీ మధ్య కార్బను. ఆ కొస ముసలమ్మ నోటికి అందిస్తే చాలు. పొరలు వలిచేది, కార్బను పక్కకి చుట్టేది, చుక్కల గీత దగ్గర పుటుక్కున చింపేది, ఏ బడి కాగితాలు ఆ బడి అరలో పడేసేది. వందమంది వారం రోజులు చేసే పని ఒక్క పూటలో చేసేది. కాకపోతే గదంతా టక... టక... టకమని మోగేది.

పందొమ్మిదేళ్ళు దాన్ని నడిపింది బాదు పెద్దాయన. ఒక బుధవారం మధ్యాహ్నం దాని ముందు పీట మీద కూర్చునే కన్నుమూశాడు. డెబ్బై దాటిన మనిషి, నిండు జీవితం, కాబట్టి మా ఆచారం ప్రకారం తెల్ల బట్టలు కట్టుకున్నాం, తెల్ల పౌడరు చల్లుకున్నాం, ముసలమ్మ మీద కూడా చల్లాం. కానీ పూడ్చలేదు. అంత్యక్రియలు మావంటే మావని ఆయన మేనల్లుళ్ళూ కొడుకులూ కొట్టుకుంటున్నారు. శవం ఆసుపత్రి చల్లగదిలో ఉండిపోయింది. మట్టిలోకి వెళ్ళేదాకా మనిషి పోయినట్టు కాదు కదా. మరి అంతదాకా ఎక్కడుంటాడు?

డ్యూటీలో ఉంటాడు.

ఆ మర్నాటి సాయంత్రం నుంచే మొదలైంది. పని ఆపి, చేతులు దులుపుకుని, ఆయన పేరు చెప్పి పౌడరు చల్లి మేం గుమ్మం దాటుతామా... వెనక నుంచి టక... టక... టక. కాగితం లేదు, మనిషి లేడు, ముసలమ్మ నడుస్తోంది! స్విచ్చేమో గది ఆ చివర, పెద్దాయన పీట పక్కన. అక్కడిదాకా వెళ్ళే మగాడు మాలో పుట్టలేదు. గేటు దగ్గర కాపలాదారు నిటిమ్ మొత్తం ఆఫీసుకి మెయిను లాగేస్తే తప్ప ఆగేది కాదు. మర్నాడు ఇంకో గుప్పెడు పౌడరు ఎక్కువ చల్లేవాళ్ళం. ఆయన మర్నాడూ వచ్చేవాడు.

ఈ నిటిమ్ గురించి చెప్పాలి. నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న పొకువాకి ఆయన సొంత మేనమామ. మేనమామ ఊఁ అంటేనే పిల్ల, లేకపోతే లేదు. పిల్లనడగడానికి తలుపు తట్టే ఆచారం ప్రకారం నేను జిన్ను మందు సీసా పట్టుకుని వెళితే, దాని మూత కూడా విప్పకుండా తిప్పి పంపాడు.

"రోజు కూలీకి పిల్లనివ్వను. పర్మినెంటు కాగితం తెచ్చుకో, అప్పుడు చూద్దాం" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే పరీక్ష ఫలితాలు ఆలస్యంగా వచ్చిపడ్డాయి. గురువారం సాయంత్రం నాలుగింటికి. శుక్రవారం తెల్లవారి ఆరింటికి ఉత్తరాది బడులకి లారీ వెళ్ళాలి. రాత్రి ఉండేవాళ్ళెవరు అని మేనేజరు ఓడూరో అడిగితే అందరూ చెప్పులు చూసుకున్నారు.

"నేనుంటాను సార్. నాకు దెయ్యమన్నా లెక్కలేదు, దాని తాతన్నా లెక్కలేదు. పర్మినెంటు మాత్రం చెయ్యాలి" అన్నాను. అప్పటికి ఇంకా ఎండ ఉంది. నా ధైర్యం ఎండ ఉన్నంతసేపూ బాగా పనిచేస్తుంది.

"పొద్దున లారీ కదిలితే కాగితం నీ చేతిలో ఉంటుంది" అన్నాడు ఓడూరో. "ఒరేయ్, దెయ్యాలూ గియ్యాలూ ఏమీ లేవు. నేను లండన్‌లో చదివినవాణ్ణి." అని చెప్పి, సొరుగులోంచి కొత్త పౌడరు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. "దేనికైనా మంచిది, ఉంచుకో."

ఏడింటిదాకా అంతా బాగానే జరిగింది. సగం కట్టలు అయిపోయాయి. ఆకలేసింది. కాగితం తీసేస్తే ముసలమ్మ స్విచ్చు ఆపకుండానే ఆగింది, తరవాతి కట్ట కొసని దాని నోటికి ఆనించి ఉంచాను. బయట ఎడారి గాలి దుమ్ముతో ఈలలు వేస్తోంది. గదిలో నేనొక్కణ్ణే.

పెద్దాయనకి చెప్పకుండా తినడం బాగుండదనిపించింది. డబ్బా మూత తీసి... ఒక గుప్పెడు కాదు, సగం డబ్బా చల్లాను. గదంతా తెల్లటి పొగ కమ్మింది. దూరంగా బల్ల దగ్గర కూర్చుని కెంకే అనే మొక్కజొన్న పిండి ముద్ద మీది ఆకు విప్పాను, వేపుడు చేప తుంచాను.

టక.

చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

టక... టక...

తల తిప్పలేదు. తిప్పితే పీట మీద ఎవరు కనిపిస్తారో నాకు తెలుసు. చేపతో సహా బల్ల కిందకి దూరాను. చేపని ఎందుకు తీసుకెళ్ళానో ఈరోజుకీ చెప్పలేను.

"పెద్దాయనా..." అన్నాను. గొంతు నాది కాదు, పిల్లి పిల్లది. "నేనేం తప్పు చేశాను? మీ పీట మీది దిండు నేనే ఎత్తుకెళ్ళాను... నిజమే. రేపే తెచ్చేస్తా."

టక టకల మధ్య, గుమ్మం చీకట్లోంచి బొంగురుగా వినిపించింది—

"ఊఁ..."

బల్ల కాలు వాటేసుకున్నాను.

"మీరు పోయినరోజు నేను ఏడ్చింది కూడా ఉత్తిదే! కళ్ళకి ఉల్లిపాయ రాసుకున్నాను... అందరూ ఏడుస్తున్నారని..."

"ఊఁ... ఇంకా?"

ఇంకా అంటాడే! ఇంకేం చేశాన్రా భగవంతుడా అని వెతుక్కున్నాను. దొరక్కపోవడమేం, బోలెడు దొరికాయి. మధ్యాహ్నాలు కార్బను చుట్టల వెనక పడుకునేది చెప్పాను. చివరికి, "పొకువా మేనమామకి పట్టుకెళ్ళిన సీసాలో ఉన్నది జిన్ను కాదు పెద్దాయనా! ఖాళీ సీసాలో మా సందులో కాచే సారా పోసి మూత అతికించాను! ఆ మేకగడ్డం నిటిమ్‌కి తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను! క్షమించండి!" అన్నాను.

చేపని గుండెకి అదుముకున్నాను.

అప్పుడు చప్పుడు మారింది. టక టక కాస్తా కర్రుమంది, చిరిగిన కాగితం ముక్క ఒకటి ఎగిరొచ్చి బల్ల కింద నా మోకాలి మీద పడింది. నోటికి ఆనించిన కట్ట వంకరగా ఓ మూలనుంచి లోపలికి పోయిందన్నమాట. ఆ ముక్క మీద సగం పేరు, సగం మార్కులు. లెక్కల్లో మొదటి శ్రేణి. ఎవరి పిల్లో, ఏ ఊరో... పేరు తెగిపోయింది.

ఆ ముక్కని చూస్తే నా కాగితం గుర్తొచ్చింది. నా ఫలితం కాగితం ఆ కాలంలో ఐదువారాలు ఆలస్యంగా వచ్చింది. అది చేతికి వచ్చేసరికి పై బడిలో నా సీటు ఇంకొకడికి ఇచ్చేశారు. అందుకే నేను ఇక్కడ బల్ల కింద ఉన్నాను. మూడు పొరల్లో ఇంకో రెండు ఉంటాయని తెలుసు, కానీ ముసలమ్మ అలాగే నములుతూ పోతే ఒక్క పొర కూడా మిగలదు. దెయ్యం మీద భయం పోలేదు. దానికి మించి కోపం వచ్చింది.

"పెద్దాయనా, నన్ను కొట్టు! పిల్లల కాగితాలు ఏం చేశాయి?" అని అరుస్తూ బయటికి పాకాను. కళ్ళు మూసుకుని, స్విచ్చు కోసం తడుముతూ ముసలమ్మ మీద పడ్డాను. నా నల్లచొక్కా చెయ్యి దాని నోటి కింది నల్లరేకు మీద రాసుకుంది.

ఆగిపోయింది.

ఒక కన్ను తెరిచాను. పీట మీద ఎవరూ లేరు. చెయ్యి తీశాను... కదల్లేదు. రేకు మీద నా చొక్కా తుడిచినంత మేర నల్లగా మెరుస్తోంది, మిగతాదంతా పౌడరు. వేలితో కొంచెం పౌడరు అద్ది ఆ నల్లమచ్చ మీద పెట్టాను. టక! తుడిచాను. ఆగింది. మళ్ళీ పెట్టాను. టక!

ఆ రేకుకి ఎదురుగా గోళీకాయంత అద్దం ఒకటి ఉంటుంది. తెల్లటిది కనిపిస్తే కాగితం వచ్చిందనుకుని నడుస్తుంది, నల్లరేకు కనిపిస్తే ఆగుతుంది. దాని తెలివి అంతే. మూడు నెలలుగా మేం భయపడ్డకొద్దీ పౌడరు చల్లాం, చల్లినకొద్దీ అది నడిచింది, నడిచినకొద్దీ భయపడ్డాం. పెద్దాయన బతికుంటే మా అందరికీ తలో మొట్టికాయ వేసేవాడు. కాసేపు నవ్వాను, కాసేపు ఏడ్చాను. ఈసారి ఉల్లిపాయ లేకుండానే. అప్పుడు రేకంతా తుడిచి, చిక్కుకున్న కట్ట విడదీసి, చిరిగినవాటికి అడుగు పొరలు వెతికి పెట్టి, పని మొదలుపెట్టాను.

ఆ "ఊఁ" సంగతా? గాలి అనుకున్నాను. భయంలో చెవులు ఏవేవో వింటాయి. నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆరింటికి లారీ కదిలింది. ఓడూరో మాట తప్పలేదు. అందరి ముందూ పౌడరు వేసి, తుడిచి, మళ్ళీ వేసి చూపించాను. నా గొప్ప ఇంతా అంతా కాదు. దెయ్యాన్ని ఎలా పట్టానో మూడుసార్లు చెప్పాను. బల్ల కింది భాగం మూడుసార్లూ వదిలేశాను.

ఆ పర్మినెంటు కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. నిటిమ్ దుమ్ముకి తలా మూతీ కలిపి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"మామయ్యా, పర్మినెంటు" అన్నాను, ఛాతీ విరుచుకుని. "రాత్రంతా ఒక్కణ్ణే ఉన్నాను. రవ్వంత కూడా జంకలేదు."

ఆయన కాగితం తీసుకున్నాడు. కూడబలుక్కుని చివరిదాకా చదివాడు. మడిచి నా జేబులో పెట్టాడు. తువ్వాలు తియ్యకుండానే, బొంగురుగా, మెల్లగా అన్నాడు—

"ఊఁ... ఇంకా?"

రాత్రి గుమ్మం చీకట్లోంచి వచ్చిన గొంతు ఇదే!

"మిషను మోగుతుంటే మెయిను లాగమంటావేమో అడుగుదామని గుమ్మం దాకా వచ్చాన్రా. లోపలికి రావడానికి నాకూ ధైర్యం చాల్లేదు" అన్నాడు. తువ్వాలు కిందకి లాగి గడ్డం నిమురుకున్నాడు. "పిల్లల కాగితాల కోసం దెయ్యం మీద కూడా అరిచినవాడివి, నా మేనకోడల్ని బాగానే చూసుకుంటావు. ఆదివారం రా. సీసా మాత్రం వద్దు. దుకాణానికి ఇద్దరం కలిసే వెళదాం."