మౌసు అడుగున బొట్టు

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి రోజు. శేరిలింగంపల్లిలోని ఆ సర్కారు బడి కంప్యూటర్ గదిలో పది కంప్యూటర్లూ చక్కగా వెలిగాయి. పది మౌసుల్లో ఒక్కటీ పని చెయ్యలేదు.

మొరాయించడానికి వాటికి ఆ రోజే దొరికింది. కంప్యూటర్లు ఇచ్చిన కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన కుర్రవాడు ఎదురుగానే కూర్చున్నాడు. పేరు దినేష్. మెడలో కంపెనీ కార్డు, చేతిలో ఫోను, ఫోనులో రిపోర్టు. అతను బాగుందని రాస్తే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. లేదంటే కంప్యూటర్లయినా పోతాయి, కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే రజిత ఉద్యోగమైనా పోతుంది.

“ఏందండీ మేడమ్, ఒక్క మౌసూ పని చెయ్యదే? సెలవులకు ముందు అసలు వాడినారా?”

“రోజూ వాడినం సార్.”

దినేష్ ఒక మౌసును తిరగేశాడు. ఎర్రటి వెలుతురు వచ్చే చిన్న గుంటలో పసుపు ఎండి గట్టిపడి ఉంది. దాని నడిమధ్య కుంకుమ. కుంకుమ మీద ఒక బియ్యపు గింజ. రెండోది తిప్పాడు. అదే అలంకారం. పదీ అంతే.

“ఎవరండీ ఈ పని చేసింది?”

తొమ్మిదో తరగతి పిల్లలు ముప్పై మంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు బెంచీలోంచి అశ్విని లేచింది.

“సార్, అది మా టీచరోళ్ల...”

“అశ్వినీ, కూసో!” అంది రజిత.

ఆమెకు అప్పటికే అర్థమైపోయింది. ఇది అమ్మ పని.

అమ్మ ఈరమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. పదకొండేళ్లుగా కంప్యూటర్ల మీద దుమ్ము తుడుస్తోంది. ‘తుడువు, ఏదీ నొక్కకు’ అన్న మాట తప్ప వాటి గురించి ఆమెకు ఎవరూ ఇంకో మాట చెప్పలేదు. సెలవుల ముందు రోజు బిడ్డ ల్యాబులో ఆయుధ పూజ అనగానే సగం రోజు సెలవు పెట్టింది. తలంటు పోసుకుని, పళ్లెంలో పసుపు కుంకుమలతో వచ్చింది. రజిత హెడ్మాస్టరు గదిలో మార్కులు ఎక్కిస్తుంటే పూజంతా తానే చేసింది. రజిత వచ్చి దండం పెట్టుకుని గదికి తాళం వేసింది. మౌసులను తిరగేసి చూడాలని ఎవరికి తోస్తుంది?

ఇప్పుడు అమ్మ పేరు చెబితే ఈ అబ్బాయి నవ్వుతాడు. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు సాయంత్రానికల్లా అమ్మ దాకా పోతుంది. అమ్మ రెండు చేతులతో మనసారా కంప్యూటర్‌ను ముట్టుకున్నది పదకొండేళ్లలో ఆ పూజ రోజు ఒక్కటే.

“నేనే పెట్టిన సార్,” అంది రజిత.

దినేష్ కళ్లు పెద్దవయ్యాయి. “మీరా? కదలికను పసిగట్టే సెన్సరు అడుగున ఉంటుందని మీకు తెలీదా?”

“తెల్సు.”

“తెలిసే పెట్టినారా?”

“భక్తి సార్.”

“భక్తి ఉంటే పైన పెట్టొచ్చు కదండీ. ఎవరైనా దేవుడికి అరికాల్లో బొట్టు పెడతారా?”

పిల్లలు కిసుక్కున నవ్వారు. అమ్మ అడుగునే ఎందుకు పెట్టిందో రజితకూ తెలియదు.

“మౌసు లేకుంటే మా క్లాసు ఆగదు సార్. జర కూసోండ్రి,” అని మాత్రం అంది.

ఆ ధైర్యానికి కారణం ఉంది. ముగ్గురు పిల్లలకు ఒక కంప్యూటరు. జూన్‌లో మౌసు నాదంటే నాదని రోజూ కొట్లాటే. విసుగొచ్చిన రజిత ఒకనాడు మౌసులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండు నెలల పాటు పాఠమంతా కీబోర్డుతోనే నడిచింది.

“మొదలుపెట్టుండ్రి,” అనగానే ముప్పై చేతులు కీబోర్డుల మీద వాన చినుకుల్లా పడ్డాయి. మౌసు ఊసే లేకుండా ప్రోగ్రాములు తెరుచుకున్నాయి. అశ్విని తన కంప్యూటరు దినేష్ వైపు తిప్పింది.

“నేను రాసిన సార్. జవాబు కొట్టుండ్రి.”

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ప్రశ్న కనిపించింది. ‘అన్నం తిన్నారా?’

దినేష్ ‘లేదు’ అని కొట్టాడు.

‘అయితే మొదలు తినుండ్రి. పని యాడికీ పోదు.’

అతను పకపకా నవ్వేశాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని రజితకు అప్పుడు తెలిసింది. తనిఖీ అధికారికి సొట్ట ఎందుకో అనుకుని చూపు తిప్పుకుంది.

“ఇఫ్, ఎల్స్ వీళ్లకు ఎట్లా చెప్పినారండీ?”

“మా ఇంట్ల మాటలే సార్. వానొస్తే గొడుగు పట్టు, రాకుంటే సంచిల పెట్టు.”

దినేష్ ఫోనులో రిపోర్టు తెరిచాడు. “ల్యాబు బాగా వాడుతున్నారనే రాస్తా మేడమ్. కానీ టీచరు గురించి విడిగా ఒక గడి ఉంది. సెన్సరు మీద పసుపు పెట్టే టీచరుకు సబ్జెక్టు బాగా వచ్చని రాస్తే అబద్ధం కాదా? సాయంత్రం లోపల పంపాల.”

“మీకు నిజమనిపించిందే రాయుండ్రి సార్,” అంది రజిత.

నాలుగున్నరకు బడి గంట కొట్టేసరికి వాన దంచుతోంది. దసరా వెళ్లినా వాన మాత్రం వెళ్లలేదు. బైకు మీద వచ్చిన దినేష్ వరండా దాటలేక మళ్లీ ల్యాబులోకే వచ్చాడు. రజిత దూది చుట్టిన ఇయర్ బడ్‌తో మౌసులు శుభ్రం చేస్తోంది. అడక్కుండానే అతను ఒక మౌసు అందుకున్నాడు.

“ఇంత గట్టిగా పట్టిందేందండీ? మీ భక్తి మామూలుది కాదు.”

రజిత ఇంకో మౌసు తిరగేసింది.

గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. డ్యూటీ దిగి బిడ్డ కోసం వచ్చిన ఈరమ్మ అక్కడే నిలబడిపోయింది.

“అయ్యో, బొట్లు తుడుస్తున్నరా? నేను గంత మంచిగ పెడితిని గద!”

దినేష్ చేతిలో మౌసు ఆగింది. “మీరు పెట్టినారా అమ్మా?”

“నేనే సారూ. మా ఆఫీసుల పొద్దుగాల ఎవ్వరు రాకముందే తుడుస్త. కంప్యూటర్లన్నీ పండుకొని ఉంటయి. గీ ఎలుక కింద మాత్రం ఎర్రగ దీపం ఎలుగుతనే ఉంటది. దీపం ఉన్నకాడనే గద దేవుడుండేది? అందుకే ఆడ పెట్టిన. ఏమైంది, తప్పాయెనా?”

రజిత చేతిలో ఇయర్ బడ్ కింద పెట్టింది.

ఈరమ్మ బిడ్డ మొహం చూసింది. తర్వాత అతని మెడలో కార్డు చూసింది. ఆమె గొంతు మారిపోయింది.

“నా తప్పుకు దీని కొలువు పోతదా సారూ? అదేం చెయ్యలే. నన్ను తిట్టుండ్రి.”

“అమ్మా, నువ్వు ఊకో,” అంది రజిత. కళ్లు నిండాయి.

దినేష్ మౌసును మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“నాకు ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ అనసూయమ్మ కొత్త ల్యాప్‌టాప్ మీద అక్షింతలు వేసింది. గింజ పడి ఎంటర్ కీ ఇరుక్కుపోయింది. ఎట్లా పడిందని ఆఫీసులో అడిగితే, తెలీదు, ఎవరో బిర్యానీ తింటూ పడేసినట్టున్నారని చెప్పినా. మా అమ్మ పేరు చెప్పడానికి సిగ్గుపడినా.” రజిత వైపు తిరిగాడు. “మీరూ అమ్మ పేరు చెప్పలేదు. కానీ నేను నా పరువు కాపాడుకున్నా. మీరు మీ అమ్మ పరువు కాపాడినారు.”

ఫోను తీసి ఏదో చెరిపాడు, ఏదో రాశాడు. ఈరమ్మకు వినబడేలా చదివాడు.

“‘టీచరుకు సబ్జెక్టు బాగా వచ్చు. మౌసు లేకుండా కూడా పాఠం చెప్పగలరు.’ ఇందులో అబద్ధం ఏమైనా ఉందా అమ్మా?”

“ఒక్క ముక్క లేదు సారూ,” అంది ఈరమ్మ.

రజిత కళ్లు తుడుచుకుంది. దేవుడు అరికాల్లో ఉన్నాడో నెత్తి మీద ఉన్నాడో గానీ, ఆ గదిలో మాత్రం ఉన్నాడని ఆమెకు అనిపించింది.

కంప్యూటర్లు ఉండిపోయాయి. రజిత ఉండిపోయింది. దినేష్ మాత్రం ప్రతి శనివారం రావడం మొదలుపెట్టాడు. మొదట పిల్లలకు పాఠం చెప్పడానికన్నాడు. తర్వాత ఏ కారణమూ చెప్పలేదు.

“సార్ రిపోర్టు ఇంకా అయిపోలేదా టీచర్?” అని అశ్విని అడిగితే రజిత చాక్‌పీసు విసిరింది.

మరుసటి ఏడు తొలకరి జల్లు పడిన రోజు వరండాలో నిలబడి అతను అడిగాడు.

“మీ ఇఫ్, ఎల్స్ లెక్కలో ఒక డౌటు మేడమ్. నేను మా అమ్మను తీసుకుని మీ ఇంటికి వస్తే?”

“వస్తే చాయ్ పోస్తం.”

“రాకుంటే?”

రజిత వాన వైపు చూసింది. “రాకుంటే నేనే మీ బాచుపల్లి బస్సెక్కాలె.”

బాచుపల్లి నుంచి అనసూయమ్మ ఆదివారమే వచ్చింది. పుట్టిన ఊళ్లు వేరు, యాసలు వేరు, వంటలు వేరు. ఈరమ్మ భయంభయంగా చాయ్ అందిస్తూ, కుదురుతుందా అన్నట్టు చూసింది.

“ల్యాప్‌టాప్ మీద అక్షింతలు వేసిందాన్ని నేనే వదినా,” అంది అనసూయమ్మ. “మనిద్దరం కలిస్తే ఒక్క కంప్యూటరూ బతకదు.”

ఈరమ్మ నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసింది. సంబంధం అక్కడే ఖాయమైంది.

మళ్లీ దసరా సెలవుల ముందు రోజు. ఈరమ్మ పళ్లెంతో ల్యాబులోకి వచ్చింది. పది మౌసులకూ వీపు మీద జాగ్రత్తగా బొట్లు పెట్టింది.

“దీపం ఉన్న చోటే బొట్టు అంటివి కదత్తా,” అన్నాడు కాబోయే అల్లుడు.

“దాన్ని ఇడిచిపెడితిని గని, ఇంకో దీపం దొరికింది బిడ్డా,” అంటూ ఈరమ్మ అతని నుదుటి మీద ఇంత కుంకుమ అద్దింది.

రజిత తల వంచుకుంది. అశ్విని ఎందుకైనా మంచిదని ఒక మౌసు పట్టుకుని కదిపి చూసింది. తెర మీద బాణం గుర్తు హాయిగా కదిలింది.