గద్దలబండ మీద దొరసాని

"ఇది ఎక్కడిది బయన్నా?"

శేషఫణి ఆత్రంగా అడిగాడు. అతని అరచేతిలో గోరంత బంగారు నాణెం. దాని మీద తోక ఎత్తిన సింహం.

"గద్దలబండ గుహల దొరికింది సారూ. తేనె కోసం దిగిన. గోడ సందుల కంచుపెట్టె ఇరుక్కొని ఉన్నది. ఒక్కనితోని కదల్లే."

పాత నిధుల జాడ వెతుకుతూ పదకొండేళ్లుగా నల్లమలలో తిరుగుతున్నాడు శేషఫణి. ఆ పిచ్చిలోనే ఉద్యోగం పోయింది. మర్నాడు పొద్దున్నే చెంచుగూడెం నుంచి ఇద్దరూ బయలుదేరారు. వెంట బయన్న కుక్క దొరసాని.

దాని ఎడమ చెవి సగం లేదు. అడవిపందితో పోరులో పోయింది. పౌరుషం మాత్రం చెక్కుచెదరలేదు. దారిలో శేషఫణి బిస్కెట్ విసిరితే, వాసనైనా చూడకుండా దాటి వెళ్లిపోయింది.

"అబ్బో, పొగరే!"

"ఇసిరేస్తే మీరు తింటరా సారూ? ఆకుల పెట్టాలె. అప్పుడు ఆలోచిస్తది."

పదింటికి గద్దలబండ చేరారు. నిట్టనిలువు కొండ. అంచు నుంచి యాభై అడుగుల కింద గుహ నోరు. దాని కింద మరో రెండు వందల అడుగుల లోతున వాగు.

బయన్న తాడు తీసి, అంచు దగ్గర ఆగిపోయాడు.

కొండతేనెకు దిగేటప్పుడు తాడు కాపలా ఎప్పుడూ బావమరిదిదే. అక్క పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడని చెంచుల నమ్మకం. తాడును చెట్టుకు కట్టినా సరే, అతను అంచున కూర్చుని, రాతికీ తాడుకీ మధ్య ఆకుల మెత్త పెట్టి, ఒరుసుకోకుండా జరుపుతూ ఉండాలి. బయన్న బావమరిది పేరు గురువులు. ఇద్దరికీ నాలుగు రోజులుగా మాటల్లేవు. వేటలో కుక్కకూ మనిషితో సమానంగా వాటా ఇవ్వడం ఆ గూడెం ఆచారం. ఆ రోజు ముళ్లపందిని పంచుతూ గురువులు దొరసానికి ఉత్త ఎముకలు వేశాడు. బయన్న తిట్టాడు. దొరసాని ఆ ఎముకలు ముట్టలేదు. అప్పటి నుంచి గురువులు బయన్న గుడిసె గడప తొక్కలేదు.

"మబ్బు పడుతోంది. గంట పని! చెట్టుకు కట్టి దిగుదాం" అన్నాడు శేషఫణి.

"తాడు కాడ మనిషి లేంది దిగొద్దు సారూ."

"అయితే వెళ్లి మీ బావమరిదిని బతిమాలుకో!"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. బయన్న పళ్లు కొరుకుతూ తాడును చెట్టుకు బిగించాడు. "ఈడనే కూసో" అని దొరసానికి చెప్పి దిగాడు. వెనకే శేషఫణి.

పెట్టె ఉంది! గునపంతో గంటసేపు పెకలిస్తే ఊడివచ్చింది. మూత సందులోంచి పసుపు మెరుపు. శేషఫణి దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు.

అప్పుడే ఆకాశం పగిలినట్లు ఉరుము. గాలి తాడును పట్టి ఊపింది. పైన పదునైన రాతి అంచు. తాడు ఒరుసుకుంటోంది. జరిపే చెయ్యి లేదు.

పటుక్కుమంది.

యాభై అడుగుల తాడు పాములా వాళ్ల కళ్లముందు నుంచే జారి లోయలోకి పోయింది.

"ఓ దేవుడా!" శేషఫణి గోడకు అతుక్కుపోయాడు. పైన దొరసాని గొంతు చించుకుని మొరుగుతోంది. గుహ వెనక నెర్రెలోంచి బుసబుసమంటూ నీళ్లు! పైన కురిసిన వానంతా ఆ బిలంలోంచే దారి చేసుకుంటోంది. చీలమండలు మునిగాయి. మోకాళ్లు మునిగాయి. వరద వాళ్లను గుహ నోటి వైపు నెడుతోంది.

పైన మొరుగుడు ఆగిపోయింది.

"నీ కుక్క కూడా పారిపోయింది!" అరిచాడు శేషఫణి.

బయన్న గునపాన్ని రాతి సందులో దిగగొట్టి, ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో శేషఫణి నడుము పట్టుకున్నాడు. "గూడెం మూడు మైళ్లు సారూ. అది పోయింది. ఒస్తది."

"ఎవర్ని తెస్తుంది? ఎవరున్నారు?"

బయన్న గునపం మీద పట్టు బిగించాడు. మగవాళ్లంతా వెదురు పనికి పోయారు. గూడెంలో ఉన్నది గురువులు ఒక్కడే.

నీళ్లు నడుము దాటాయి. చేతులు మొద్దుబారాయి. ఎంతసేపు గడిచిందో తెలియలేదు. గునపం కదలడం మొదలుపెట్టింది.

"సారూ, నా పట్టు జారుతున్నది..."

పైన మొరుగుడు! వెనకే మనిషి కేక.

"ఓ బావా! బతికే ఉన్నవా, సచ్చినవా?"

"గురువులూ! తొందరగ రారా!"

"నేను లేంది దిగుతవా? నీకేమన్న అయితే మా అక్కకు నా మొగమెట్ల సూపియ్యాలె? ఆగు, పైకొచ్చినంక చెప్త నీ సంగతి! ఈ దొరసాని నా పంచె సగం చింపి గుంజుకొచ్చింది. సిగ్గు పోయింది!"

ముడులు వేసిన తాడు దిగింది. "సారు ముందు!" అన్నాడు బయన్న. శేషఫణి పెట్టెను వీపుకు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దూరం పోయేసరికి గాలి అతన్ని బండకేసి కొట్టింది. ఆ బరువుకు తాడు మెత్త మీద నుంచి జారి పదునైన అంచు మీద పడింది. దాన్ని ఎత్తబోయిన గురువులు తడి రాతి మీద కాలు జారి, అంచు దాకా ఈడ్చుకుపోయాడు.

"పెట్టె ఒదులు సారూ! ఒదులు!" పైనుంచి గురువులు కేక.

శేషఫణి తలెత్తాడు. పైన గురువులు తల, భుజాలు గాలిలో వేలాడుతున్నాయి. అయినా రెండు చేతులా తాడును రాతి మీద నుంచి ఎత్తి పట్టుకునే ఉన్నాడు. వెనక దొరసాని అతని మొలతాడు పళ్లతో కరిచి, నాలుగు కాళ్లూ నేలలో దిగేసి వెనక్కి గుంజుతోంది. దాని గొంతులోంచి ఏడుపులాంటి మూలుగు. మూడు మైళ్లు రాళ్లలో రానుపోను పరుగెత్తిన పాదాలు చీలి నెత్తురు కారుతున్నాయి. అంగుళం అంగుళం అది కూడా అంచు వైపు జారుతోంది.

పదకొండేళ్లు!

శేషఫణి వెర్రిగా అరిచి, పెట్టె కట్టిన ముడి లాగేశాడు.

పెట్టె బండకు తగిలి, గిరికీలు కొట్టి, గుహ కింద రాతి మెట్టు మీద ఆగింది. తాడు తేలికైంది. దొరసాని ఒక్క గుంజు గుంజింది. గురువులు వెనక్కి పడ్డాడు. క్షణాల్లో శేషఫణి పైకి చేరి, తనే అంచున బోర్లా పడుకుని తాడు కింద మెత్త సర్దాడు. గునపం ఊడి వరదలో కొట్టుకుపోయిన క్షణంలోనే బయన్న చేతికి తాడు అందింది.

పైకి రాగానే గురువులు అతని చెంప ఛెళ్లుమనిపించాడు. తర్వాత కౌగిలించుకుని బావురుమన్నాడు.

సాయంత్రానికి వాన వెలిసింది. పడమటి ఎండ లోయలో పడగానే కింద ఏదో భగ్గున మెరిసింది. పెట్టె మూత ఊడిపోయింది. రాతి మెట్టు నిండా బంగారం.

ముగ్గురూ అంచున నిలబడి చూశారు.

"వంద అడుగులు కూడా లేదు" అన్నాడు శేషఫణి పొడిబారిన పెదవులతో.

"ఈ తాడే అందుతది బావా. నేను పట్టుకుంటగా" గురువులు గొంతు తగ్గించాడు.

బయన్న తాడు కోసం వెనక్కి తిరిగాడు. చుట్ట చుట్టిన తాడు మీద దొరసాని పడుకుని ఉంది. అతను చెయ్యి చాపాడు. పుట్టినప్పటి నుంచి యజమానిని చూసి ఒక్కసారీ పళ్లు బయటపెట్టని కుక్క, ఇప్పుడు కోరలన్నీ చూపించి గుర్రుమంది. గురువులు వంగబోతే అతన్నీ అదిలించింది. తల మళ్లీ తాడు మీద పెట్టుకుంది.

"లాగి పారేయండి!" అన్నాడు శేషఫణి. అన్నవాడే కదల్లేదు. దాని పాదాల కింద తాడు ఎర్రగా తడుస్తోంది.

"అది లేస్తే దిగుదాం" అన్నాడు బయన్న.

ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. శేషఫణి తన చొక్కా చింపి, భయంభయంగా దాని ముందు పాదానికి కట్టాడు. అది ఊరుకుంది. ఎండ ఒక్కో రాయీ దిగుతూ లోయలోంచి తప్పుకుంది. కింది మెరుపు ఎర్రబడింది, మసకబారింది, ఆరిపోయింది.

దొరసాని కళ్లు తెరిచే ఉంది. తాడు మీద నుంచి లేవలేదు.