ఆకుపచ్చ ఫ్యాన్లకు అప్పమ్మ బొట్టు

ఫ్యాను రెక్క మీద బొట్టు చూసి లక్ష్మీసౌజన్య దాన్ని వెలుతురులోకి తిప్పింది.

పసుపు ముద్ద, దాని నడుమ కుంకుమ. మూడు కంప్యూటర్ ఫ్యాన్లకూ ఒక్కో రెక్క మీద ఒక్కో బొట్టు. పచ్చి పెయింటులో దిగబడి, దానితో పాటే ఆరి, గట్టిగా కూర్చున్నాయి.

"ఇదేంటి దాదా?" అంది.

మల్లేశు తలెత్తలేదు. కలకత్తా ఏక్‌బాల్‌పూర్ సందులో స్కూటర్ ట్యాంకులకూ హెల్మెట్లకూ స్ప్రే కొట్టే రేకుల షెడ్డు అతనిది. షెడ్డు వెనకే ఇల్లు.

"దాదా అనొద్దని చెప్పినాను కదండీ."

"ఈ ఊళ్ళో అన్నయ్యా అనడానికి అందర్నీ దాదా అనే అంటారుగా."

"అందర్నీ అనండి. నన్నొద్దు."

మామూలు రోజైతే నవ్వేది. ఇవాళ సాయంత్రమే కంప్యూటర్ పెట్టెల షో.

కంప్యూటర్ పెట్టెను తనే డిజైన్ చేసింది. ముందు వైపు పాత కలకత్తా ఇళ్ళ కిటికీలా చెక్క పలకలు, ఆ కిటికీల ఆకుపచ్చ రంగు. పలకల సందుల్లోంచి ఫ్యాన్లు కనిపిస్తాయి. కంపెనీ వాళ్ళు ఇచ్చే నల్ల ఫ్యాన్లు అక్కడ పుచ్చిపోయిన పళ్ళలా ఉన్నాయి. అందుకని పెట్టె రంగే వాటికీ కొట్టించడానికి ఈ షెడ్డుకు వచ్చింది. మల్లేశు ఎక్కడో కూల్చేస్తున్న ఇంటి కిటికీ ముక్క తెచ్చి మరీ రంగు కలిపాడు. మోటారుకు టేపు చుట్టి, పొగమంచులా పల్చగా, పూత మీద పూత వేశాడు. ఆమె చెయ్యి చాచినప్పుడల్లా, "తడిగా ఉంది, ఆరేదాకా ముట్టుకోకండి" అనేవాడు. ఆమె కావాలనే చెయ్యి చాచేది.

షోలో నచ్చితే సాల్ట్ లేక్‌లో ఇలాంటి కంప్యూటర్లు తయారుచేసే వర్క్‌షాప్‌లో ఉద్యోగం. నచ్చకపోతే బ్యాంకు ఆఫీసరు నాన్న శ్రీనివాస రావు ట్రాన్స్‌ఫర్ వెంట హైదరాబాదు. ఆదివారం షాలిమార్ స్టేషన్లో రైలు. టికెట్లలో తన పేరు కూడా ఉంది.

ఆ సంగతి మల్లేశుకూ తెలుసు.

"ఎవరు పెట్టారు ఇవి?"

లోపలి నుంచి అతని నాయనమ్మ అప్పమ్మ వచ్చింది. "నేనేనమ్మా. ఏటి, బాగోలేదా?"

"మామ్మా, నువ్వు లోపలికెల్లు."

"ఎందుకెల్తాను? దేవుడి పటాల కాడ ఎవడెట్టినాడు వాట్ని? నువ్వే కదా. కొత్త సామాను దేవుడి కాడెట్టినాక బొట్టుకేననుకోనా మరి? గేసు బండకెట్టినాను, మిక్సీకెట్టినాను, నీ కంప్రెసరుకెట్టినాను. ఏదైనా పాడైపోనాదా?"

మల్లేశు నుదురు కొట్టుకున్నాడు. పొరపాటు ముసలిదానిది కాదు, అతనిదే. ముసురుకి షెడ్డంతా చెమ్మ. చెమ్మలో పెయింటు బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. ఇంట్లో పొడిగా ఉండే మూల ఒక్కటే, పొయ్యి పక్కన దేవుడి అరుగు. అక్కడ పెట్టాడు, మామ్మకు చెప్పడం మరిచాడు.

"గీకేస్తాను" అని ఒక ఫ్యాను అందుకుని బ్లేడు ఆనించాడు. బొట్టుతో పాటు ఆకుపచ్చ పెచ్చు లేచింది. అడుగున నల్ల ప్లాస్టిక్ బయటపడింది.

సౌజన్య ఆ నల్ల మచ్చ మీద వేలు పెట్టింది.

"మళ్ళీ కొట్టొచ్చా?"

"కొట్టొచ్చు. ఈ వానలో రేపటికి గానీ ఆరదు."

సౌజన్య ఆ ఫ్యాను లాక్కుంది. "బొట్టు పొద్దున్నే చూసుంటారు. ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"భయమేసింది."

"మీకేం భయం? నేను వెళ్ళిపోతే ఇంకో కస్టమరొస్తాడు."

"కస్టమరొస్తాడు" అన్నాడు మల్లేశు, బ్లేడు కింద పెట్టి. "నువ్వు రావు."

రేకుల మీద వాన ఒక్కసారి పెద్దదయింది. అప్పమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, అవసరం లేకపోయినా చీపురు తీసుకుని వరండా ఊడవడం మొదలుపెట్టింది.

"నువ్వు అంటున్నారు" అంది సౌజన్య మెల్లగా.

"తప్పయితే మార్చుకుంటాను."

"ముందు ఫ్యాను తిప్పండి. అది చూశాక చెప్తాను."

గీకని ఫ్యానుకు వైర్లు తగిలించాడు. ఫ్యాను తిరిగింది. తిరుగుతూ గుర్రుమంది. ఒక రెక్క మీద పసుపు ముద్ద బరువు, మిగతావి ఖాళీ. బల్ల మీది స్క్రూలు సన్నగా వణికాయి. మల్లేశు గబుక్కున వైరు పీకబోయాడు.

"ఆపొద్దు" అందామె, అతని మణికట్టు పట్టుకుని.

రెక్కలు కలిసిపోయి ఆకుపచ్చ పొగయ్యాయి. ఆ పొగలో బొట్టు లేదు. దాని చోట పల్చని నారింజ రంగు రింగు, దీపం చుట్టూ వెలుగులా. సౌజన్య బల్ల మీది కిటికీ ముక్క తీసి ఫ్యానుకు అడ్డంగా పట్టుకుంది. మూసిన కిటికీ వెనక ఎవరో సాయంకాలం దీపం పెట్టినట్టుంది.

"గుర్రు పోవాలంటే?" అంది.

"బరువు సమానం అవ్వాలి. అన్ని రెక్కలకీ అదే చోట అంతే బొట్టు..." అని మల్లేశు ఆగి, వరండా వైపు చూశాడు. "ఆ ఏలుతోనే పెట్టాలి."

"నన్ను లోపలికెల్లమన్నావు కదరా" అంది అప్పమ్మ, ఊడవడం ఆపకుండా.

"మామ్మా."

"ఆ పిల్లని అడగమను."

సౌజన్య వెళ్ళి ఆమె చేతిలో చీపురు తీసి పక్కన పెట్టింది. "మామ్మగారూ, రండి."

మల్లేశు పసుపును ఒక మూతలో, కుంకుమను ఇంకో మూతలో తొందరగా ఆరే వార్నిష్‌తో కలిపాడు. అప్పమ్మ వేలు ముంచింది. ఆ వేలు వణకలేదు. మనవడు పుట్టక ముందు నుంచీ గడపలకు పెట్టిన వేలు. గీకిన మచ్చ మీద కూడా బొట్టు పడింది, నలుపు కనబడకుండా పోయింది. సౌజన్య రెక్కలు తిప్పి అందిస్తోంది. మల్లేశు హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని, ఊపిరి కూడా చూసుకుని వదులుతున్నాడు.

మళ్ళీ తిప్పితే స్క్రూలు కదల్లేదు.

ఆమె ఫ్యాన్లు గుండెకు హత్తుకుని వానలోనే టాక్సీ ఎక్కింది. నువ్వు అనొచ్చో కూడదో చెప్పనే లేదు.

ఆ సాయంత్రం మల్లేశు ఒక హెల్మెట్‌కు రెండు సార్లు తప్పు రంగు కొట్టాడు. ఫోన్ మోగలేదు. రాత్రి షెడ్డు మూసే వేళకు సందు మలుపులో గొడుగు లేని మనిషి కనిపించింది. తడిసి ముద్దయింది. మొహం చూసి ఏమీ తెలియడం లేదు.

"ఏటయింది?"

"ఆ వర్క్‌షాప్ ఓనరు కిటికీ ముందు వంగి, లోపల దీపం ఎక్కడ పెట్టావమ్మా అని అడిగారు. దీపం లేదు, బొట్టు అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు."

"మరి నాన్నగారు?"

"మొహం మాడ్చుకుని నా టికెట్ కాన్సిల్ చేశారు. లేడీస్ హాస్టల్ చూస్తున్నారు." ఆమె చున్నీ పిండుకుంది. "ఇంకో మాట. నువ్వు అనడం మార్చుకోవక్కర్లేదు, మల్లేశూ."

అతను ఏదో అనబోయేలోగా అప్పమ్మ లోపలి నుంచి కుంకుమ భరిణెతో వచ్చింది. సౌజన్య గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, నుదుట బొట్టు పెట్టింది.

"మామ్మా, ఆవిడకెందుకు?"

"కొత్తగా ఇంట్లోకొచ్చిందానికి ఎట్టకుండా ఎప్పుడున్నానురా?"

మల్లేశు చెవులు ఎర్రబడ్డాయి. తడి నుదుటి మీద కుంకుమ కరిగి ముక్కు మీదికి జారుతోంది. తువ్వాలుతో తుడవబోయాడు.

సౌజన్య ఒక అడుగు వెనక్కి వేసింది.

"తడిగా ఉంది" అంది. "ఆరేదాకా ముట్టుకోకూడదు."