నీళ్ల వంతెన బిరడా

పెద్ద నానమ్మ వెనకాల నడవలేక సుజునాకి ఆయాసం వచ్చేసింది.

“కొంచెం ఆగు పెద్ద నానమ్మా! ముసలివాళ్లు నెమ్మదిగా నడవాలి కదా?”

“ఎవరే ముసలివాళ్లు? ఈ దారిలో నాకింకా పదేళ్లే!” అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

ఆవిడ పేరు షిజు. సుజునా వాళ్ల నానమ్మకి సొంత అక్క. పెళ్లయ్యాక హొక్కైడో వెళ్లిపోయింది. అది దేశానికి ఆ చివర. అక్కడ ఆవిడకి మంచు, చలి, కొట్టం నిండా పాడి ఆవులు. ఇక్కడ క్యూషూ కొండల్లో వెదురు తోపులు, మెట్లు మెట్లుగా వరి మడులు. ఆవుల్ని వదిలి రాలేక పుట్టిన ఊరి మొహం చూసి ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు కొట్టం కొడుక్కి అప్పగించి చెల్లెల్ని చూడ్డానికి వచ్చింది. రేపు మధ్యాహ్నం బస్సుకి మళ్లీ వెళ్లిపోతుంది.

వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నోట ఒకటే మాట. నీళ్ల వంతెన చూడాలి. నానమ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకని తోడు వెళ్లే పని సుజునా మీద పడింది.

నిజానికి సుజునాకి ఆ వంతెనంటే పెద్ద గొప్పేమీ లేదు. రోజూ స్కూల్ బస్సులోంచి కనిపించేదే. కానీ పెద్ద నానమ్మతో నడుస్తుంటే దారంతా కొత్తగా ఉంది.

“ఇదిగో, ఈ రాయి మీద కూర్చుని మీ నానమ్మ ఏడ్చింది. చెప్పు తెగిందని.”

“నానమ్మ ఏడ్చిందా?”

“ఊరంతా వినబడేలా! చివరికి నేనే వీపు మీద మోశాను. ఇక్కడ ఊట ఉండేది, చూడు... ఉంది! ఇంకా ఉంది!”

ఆవిడ వంగి దోసిలితో నీళ్లు తాగింది. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

దేవదారు చెట్లు దాటగానే లోయ కనబడింది. దాని మీద వంతెన. ఒకే ఒక్క పెద్ద కమాను. రాళ్ల సందుల్లో నాచు, చిన్న చిన్న మొక్కలు. ఆ వంతెన మీద నడిచేది ముఖ్యంగా నీళ్లు. కొండ వాగు నుంచి వచ్చే కాలువ ఆ రాళ్ల మీదుగా లోయ దాటి, అవతలి గట్టు మడులన్నిటికీ వెళుతుంది. కాలువ పక్కన మనుషులకి సన్నటి బాట.

పెద్ద నానమ్మ వంతెన మొదట్లో ఆగిపోయింది. టోపీ తీసి, ఎవరో పెద్దవాళ్లకి పెట్టినట్టు తల వంచి నమస్కారం పెట్టింది.

“ఎవరికి పెద్ద నానమ్మా?”

“కట్టినవాళ్లకి. మా నాన్న అలా పెట్టేవాడు. నేనూ పెడుతున్నాను.”

ఇద్దరూ వంతెన చివర నీడలో కూర్చుని అన్నం ముద్దలు తిన్నారు. నానమ్మ వాటికి ఊరబెట్టిన ఆవ ఆకులు చుట్టి ఇచ్చింది. ఒక ముద్ద కొరికి పెద్ద నానమ్మ కళ్లు మూసుకుంది.

“కోతలు అయిపోయాక ఒక రోజు ఊరంతా ఇక్కడికి వచ్చేవాళ్లం. అదిగో, మధ్యలో రాతి తొట్టి ఉందే, అక్కడ కాలువ గోడకి ఒక చెక్క బిరడా ఉంటుంది. దాన్ని లాగేసేవాళ్లు. ఏడాదంతా పేరుకున్న బురద కొట్టుకుపోవాలి కదా. నీళ్లు తొట్టిలోకి దూకి, తొట్టికి చెక్కిన రాతి నోట్లోంచి లోయలోకి పడుతుంటే ఉరుములా చప్పుడు! మేమంతా కింద నిలబడి తడిసేవాళ్లం. మా అమ్మ గట్టు మీంచి తిట్లు. ఆ తిట్లు కూడా వినబడేవి కావు.”

“ఇప్పుడు కూడా తీస్తారు. కానీ చలికాలం ముందే.”

“తెలుసులే. ఆ టైముకి మా దగ్గర మంచు పడుతుంటుంది. ఎలా వస్తాను? మళ్లీ ఒక్కసారి ఆ చప్పుడు వింటే చాలనిపిస్తుంది.”

ఆవిడ చేతులు కడుక్కోవడానికి కాలువ దగ్గరికి వెళ్లింది. సుజునా తొట్టి వైపు చూసింది. బిరడా కనబడుతూనే ఉంది. ఊడకుండా దానికి అడ్డంగా ఒక చెక్క గడియ.

ఒక్క నిమిషం. ఒక్క నిమిషం తీసి మళ్లీ పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? పెద్ద నానమ్మ ఎంత సంతోషపడుతుంది!

సుజునా పరుగున వెళ్లి, తొట్టి మీదికి వంగి గడియ పక్కకి జరపబోయింది. అది బిగుసుకుని ఉంది. చెప్పు తీసి కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

ఢామ్మని బిరడా ఎగిరొచ్చింది. సుజునా వెనక్కి పడింది. నీళ్లు ఒక్క దూకు దూకి, బిరడాని కూడా లాక్కుని, రాతి నోట్లోంచి బయటికి ఎగిరాయి. లోయంతా హోరెత్తింది. తుంపర్లలో ఇంద్రధనుస్సు నిలబడింది.

పెద్ద నానమ్మ తిరిగి చూసింది. నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. తరవాత చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నవ్వుతోందో ఏడుస్తోందో సుజునాకి తెలియలేదు.

అది కాసేపే. పెద్ద నానమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“ఒసే, ఇది నాట్ల కాలం కదే! బిరడా ఏది?”

బిరడా ఎక్కడుంది? కింద నదిలో, నురగలో, ఎక్కడికో పోయింది.

ఇద్దరూ కలిసి ఆవిడ శాలువా ఉండచుట్టి కన్నంలో కుక్కారు. నీళ్లు దాన్ని కూడా ఊడబెరికి లోయలోకి విసిరేశాయి. వంతెన అవతల కాలువలో నీరు సన్నబడి, అడుగున ఇసక తేలింది.

అంతలో అవతలి గట్టు నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు. కాలువ చూసుకునే నీరటి, కుసానో తాత. చేతిలో పార, మొహం ఎర్రగా ఉంది.

“ఎవరు తీశారు? ఎవరి పని ఇది? అక్కడ తకెయో మడి సగం కూడా తడవలేదు! మనుషులంతా నారు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు!”

సుజునా పెద్ద నానమ్మ వెనక్కి జరిగింది.

“నేనే,” అంది పెద్ద నానమ్మ. “నేనే తీశాను.”

కుసానో తాత అప్పుడు గుర్తుపట్టాడు. “షిజు అక్కా? నువ్వా?” పార కిందికి దించాడు. తరవాత మెల్లిగా అన్నాడు. “బయటివాళ్లు తీశారంటే తెలియక అనుకుంటాం. నీకు కూడా తెలియదా అక్కా?”

పెద్ద నానమ్మ తల వంచింది. కొద్దిసేపటి క్రితం వంతెనకి వంచిన తలే అది. కానీ ఇప్పుడు పైకి లేవలేదు.

కుసానో తాత గడ్డి కుక్కిన గోతాలు అడ్డం పెట్టాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. కొత్త బిరడా చెక్కి బిగించేసరికి పొద్దు వాలింది. అవతలి గట్టు మీది తకెయో అత్త మడికి నాట్లు వెయ్యడానికి వచ్చిన మనుషులు నారు నీడలో పెట్టేసి ఇళ్లకి వెళ్లిపోయారు.

ఇంటికి వెళ్లే దారిలో సుజునా అడిగింది. “ఎందుకలా చెప్పావు?”

“నేను రేపు వెళ్లిపోయేదాన్ని. నువ్వు ఇక్కడే ఉండాలి కదా. రోజూ వాళ్ల మొహాలు చూడాలి.”

“మరి నిన్ను తిడతారు కదా?”

“తిడితే తిట్టారు. హొక్కైడో దాకా వినబడవులే.” ఆవిడ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సాయంత్రం పెద్ద నానమ్మ తకెయో అత్త ఇంటికి క్షమాపణ చెప్పడానికి బయలుదేరింది. సుజునా వెనకాలే వెళ్లి గేటు దగ్గర నిలబడింది. పెద్ద నానమ్మ గుమ్మంలో నడుం వంచి నిలబడింది. తకెయో అత్త కూడా మర్యాదగా వంగింది. “పరవాలేదు పెద్దమ్మా, మీరు రావడం ఎందుకు,” అంది. కానీ లోపలికి రమ్మనలేదు. టీ తాగమనలేదు.

వాళ్లు గేటు దాటాక లోపలి నుంచి మాట వినబడింది. “అన్నేళ్లు ఎక్కడో ఉంటే ఇంతే. మన నీళ్ల సంగతి ఇంకేం గుర్తుంటుంది!”

పెద్ద నానమ్మ విననట్టే నడిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ వంతెన మాట ఎత్తలేదు. ఊట మాట గానీ, నానమ్మ చెప్పు తెగిన మాట గానీ ఎత్తలేదు. ఆవుల గురించి మాత్రం మాట్లాడింది. “అక్కడ ఈపాటికి పాలు పితికేసి ఉంటారు,” అంది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఆవుల మాట ఎత్తడం అదే మొదటిసారి.

సుజునా అన్నం గిన్నె పక్కకి జరిపింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు కదా, అనుకుంది. హాయిగా ఉండాలి కదా. ఎందుకు లేదు?

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి బయటపడింది. నేరుగా తకెయో అత్త మడి దగ్గరికి వెళ్లింది. మడి నిండా నీళ్లు, నీళ్లలో ఆకాశం. ఆ చిన్న మడుల్లోకి మిషన్ దిగదు, చేత్తోనే నాటాలి. తకెయో అత్త అప్పుడే నారు కట్టలు విప్పుతోంది. గట్టు మీద కుసానో తాత నీటి మడవ సరిచేస్తున్నాడు.

“తకెయో అత్తా.”

“ఏమే, ఇంత పొద్దున్నే?”

“బిరడా తీసింది నేను. పెద్ద నానమ్మ కాదు.”

తకెయో అత్త చేతిలో నారు అలాగే ఉండిపోయింది. కుసానో తాత లేచి నిలబడ్డాడు.

“ఆవిడ నాకోసం అబద్ధం చెప్పింది. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. ఊట ఎక్కడుందో కూడా గుర్తుంది. నీళ్లు చూడగానే ‘ఇది నాట్ల కాలం కదే’ అని ముందు అన్నది ఆవిడే.” సుజునా వంతెన వైపు చెయ్యి చూపించింది. “నేనే ఆ చప్పుడు వినిపిద్దామని... మళ్లీ పెట్టేద్దామనుకున్నాను. ఎగిరిపోయింది.”

“గడియ ఎలా వచ్చిందే నీకు?” అన్నాడు కుసానో తాత. “నాకే రాదు ఒక్కోసారి.”

“చెప్పుతో కొట్టాను.”

ఆయన మీసాలు కదిలాయి. నవ్వు ఆపుకుని మొహం గంటు పెట్టుకున్నాడు.

తకెయో అత్త మాత్రం నవ్వలేదు. “నిన్న ఎందుకు చెప్పలేదు?”

“భయమేసింది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడూ వేస్తోంది.”

తకెయో అత్త ఒక నారు కట్ట తీసి ఆమె వైపు చాపింది. “నిన్న వచ్చి ఊరికే వెళ్లిన మనుషుల్లో ఇద్దరు ఇవాళ రాలేదు. వాళ్లకి వేరే పని పడింది. ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకో.”

సుజునా బురదలోకి దిగింది. చల్లటి బురద వేళ్ల మధ్య నుంచి పైకి వచ్చింది. తకెయో అత్త ఒక్కసారి నాటి చూపించి, తలగుడ్డ సర్దుకుని గట్టెక్కింది.

“నువ్వెక్కడికి అత్తా?”

“మీ ఇంటికి. నిన్న ఒకరికి టీ ఇవ్వడం మరిచిపోయాను.”

సుజునా వంగి నాటుతూనే ఉంది. నడుం పీకింది. ఒక మొక్క తేలిపోయింది, మళ్లీ గుచ్చింది. తల ఎత్తేసరికి గట్టు మీద ఇద్దరు వస్తున్నారు. తకెయో అత్త చేతిలో టీ కెటిల్ ఉంది. ఆమె ఏదో చెబుతూ మాటిమాటికీ తల వంచుతోంది. పెద్ద నానమ్మ వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది.

“అక్కా, జాగ్రత్త, అక్కడ గట్టు జారుతుంది,” అని అరిచాడు కుసానో తాత.

“నాకు చెబుతావేంట్రా! ఈ గట్టు మీంచి నిన్ను బురదలోకి తోసింది ఎవరనుకున్నావు?”

ఆవిడ గట్టు మీద కూర్చుని సాక్సులు విప్పేసి, కాళ్లు నీళ్లలో పెట్టింది. సుజునా బురద చేతులతో అలాగే నిలబడింది.

పెద్ద నానమ్మ సుజునా నాటిన వరస వంక చూసి, తల ఒక పక్కకి వాల్చింది.

“అదేంటే, పాము పోయినట్టు అంత వంకర?”

సుజునా వెనక్కి తిరిగి చూసింది. నిజమే, చాలా వంకర. దూరం నుంచి ఎవరికీ తెలియకపోవచ్చు.

అయినా ఆమె వరస మొదటికి వెళ్లి, ఒక్కో మొక్కా పీకి మళ్లీ నాటడం మొదలుపెట్టింది.