సంచి తరుగు

"కాంటా ఇయ్యరాదు సార్. ఇది ఆకు జోకే కాంటా."

సుమిత్ర తలెత్తకుండానే చెప్పింది. బీడీ కార్ఖానా గుమ్మంలో నిలబడ్డ ఆత్మారాం మెడలో నిన్నటిదాకా టై ఉండేది. ఇవాళ లేదు. పక్క గదిలోనే రెండేళ్లుగా మంజీర ఎయిర్ బుకింగ్ ఆఫీసు నడుపుతున్నా, అతను ఈ గుమ్మం ఎక్కడం ఇదే మొదటిసారి.

"ఇయ్యొద్దు మేడం. మీరే జోకి చెప్పుండ్రి. పాసింజర్లను సామానుతోని నేను పంపిస్త."

"ఎందుకు? బరువెక్కువైతే మీ విమానం లేవదా?"

"లేస్తది. మా కంపెనీయే లేస్తలేదు."

సుమిత్ర అప్పుడు తలెత్తింది.

హైదరాబాదు నుంచి ఔరంగాబాదు మీదుగా బొంబాయికి విమానాలు నడిపే చిన్న కంపెనీ అది. ఎక్కినవాళ్లకు వేడి ఉప్మా పెట్టేవాళ్లు. నష్టాలు తట్టుకోలేక 2004 జూన్ నుంచి చవక విమానాల కంపెనీగా మారింది. టికెట్టు ధర సగానికి దిగింది. దానితో పాటే ఉప్మా పోయింది, ఉద్యోగుల టైలు పోయాయి, సామాను పరిమితి పదిహేను కిలోలకు తగ్గింది. జిల్లాల్లో ఐదు ఆఫీసులుంటే మూడు మూసేస్తారట. నెల రోజులు ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే నిజామాబాద్ మిగులుతుంది. వస్తే, రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చే ఆత్మారాం హైదరాబాదులో కాల్ సెంటర్ కుర్చీకి పోవాలి.

సుమిత్ర ఒప్పుకుంది. ఆమె తండ్రి భోజన్న ఆ కార్ఖానాను గుత్తకు నడిపే ఠేకేదారు. పదో తరగతి నుంచీ బీడీలు చుట్టేవాళ్లకు తునికాకు తూచి ఇస్తున్న చెయ్యి ఆమెది. ముల్లు కదలకుండా నిలిచేదాకా ఊపిరి బిగబట్టేది. ఆ ముల్లు చూసే నెపంతో ఆత్మారాం ఎటు చూసేవాడో, బీడీలు అప్పజెప్పడానికి వచ్చే ఆడవాళ్లందరికీ తెలుసు.

"ఏం బిడ్డా, నీ విమానం రోజూ మా కార్ఖానలనే దిగుతున్నది?" అంది వాళ్లలో ముసలామె హన్మవ్వ ఒకరోజు.

"ఇక్కడ రన్‌వే మంచిగున్నదవ్వా."

"రన్‌వే మీదికి చెప్పులిడిసి రమ్మనవ్వా. ఆకు మీద బురద పడుతున్నది," అంది సుమిత్ర.

బయట వాన. మర్నాటి నుంచి అతను చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. తడిసిన చెప్పుల్ని ఎవరో చూరు కిందికి జరిపి పెట్టేవారు. ఎవరని అతను అడగలేదు.

నెల ముగియడానికి వారం ముందు భీమ్‌గల్ నుంచి వెంకటవ్వ వచ్చింది. బొంబాయిలో ఆమె కూతురికి కాన్పయింది. నువ్వుల ఉండలు, పసుపు, పాత చీరెలతో తానే కుట్టిన బొంత, అన్నీ ఒక పెద్ద బ్యాగులో కుక్కింది. సుమిత్ర తూచి, సుద్దముక్కతో పదిహేను అని బ్యాగు మీద రాసింది.

మరుసటి రోజు ఆత్మారాం చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

"పదిహేనని రాసిండ్రు. ఎయిర్‌పోర్టుల పదిహేడొచ్చింది. పైనున్న బొంత తీసేయించిండ్రట. ముసలామె ఏడ్చుకుంట విమానమెక్కింది. అల్లుడు కంప్లయింట్ ఇచ్చిండు."

"మా కాంటా అబద్ధం ఆడదు."

మర్నాడు బొంబాయి పోవాల్సిన మజహర్ సాబ్ బ్యాగు అక్కడే ఉంది. సుమిత్ర దాన్ని కాంటా మీద పెట్టింది. ముల్లు పది మీద నిలిచింది. ఆమె ఎనిమిదని రాసింది.

"అదేంది?" అన్నాడు ఆత్మారాం.

"సంచి తరుగు తీసిన. సంచి బరువు పోను కదా ఆకు లెక్క."

ఆత్మారాం వంగి ఆ అంకెను, ముల్లును మార్చి మార్చి చూశాడు.

"మేడం," అన్నాడతను మెల్లగా, "విమానం సంచిని గూడ మోస్తది."

సుమిత్ర చేతిలో సుద్దముక్క విరిగింది. ఇన్నాళ్లూ వచ్చినవాళ్ల సామాను తక్కువ కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. ఆమె కళ్లలో నీళ్లు చూసి, తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

"బొంత ఇప్పుడెక్కడున్నది?" అంది ఆమె.

"ఎయిర్‌పోర్టుల మా కౌంటర్ కింద."

"మజహర్ సాబ్‌కు సంచితో పదే. ఇంక ఐదు కిలోల జాగున్నది. ఆయనతోని పంపుండ్రి."

బొంత బొంబాయి చేరింది. వెంకటవ్వ ఫోన్ చేసి, బొంత మీద మనుమడు నిద్రపోయాడని చెప్పింది. సుమిత్ర తప్పు తనదేనని హెడ్డాఫీసుకు రెండు పేజీల ఉత్తరం రాసింది. కానీ ఫిర్యాదు ఫిర్యాదే. నెలాఖరున మూసేసే ఆఫీసుల జాబితాలో నిజామాబాద్ ఉంది.

ఆఖరు రోజు సాయంత్రం ఆత్మారాం బ్యాగుతో వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు.

"జోకుండ్రి."

"హైదరాబాద్‌కు బస్సుల పోయేటోళ్లకు జోకుడెందుకు?" అంది సుమిత్ర. అయినా బ్యాగు కాంటా మీద పెట్టింది.

ముల్లు రెండు మీద నిలిచింది.

"రెండే."

"సంచి తరుగు తీస్తే?"

"ఏం లేదు." ఆమె అతనివైపు చూసింది. "ఖాళీ సంచి తీస్కొని ఎటు పోతున్నరు?"

"ఎటూ పోతలేను. కాల్ సెంటర్ వద్దన్న. జీతమియ్యరట గని, ఇష్టమున్నోళ్లకు టికెట్ల ఏజెన్సీ ఇస్తరట. గదున్నది, ఫోనున్నది." అతను గొంతు సవరించుకున్నాడు. "కాంటా లేదు."

సుమిత్ర సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పింది. "కాంటా మా బాపుది. బాపునడగాలె."

లోపల తంబాకు కట్టలు కడుతున్న భోజన్న తల బయటపెట్టాడు.

"కాంటా ఒక్కటేనా పిలగా, జోకేటామె గూడనా?"

ఆత్మారాం చెవులు ఎర్రబడ్డాయి. "జోకేటామె గూడ, పటేలా."

భోజన్న కూతురి ముఖం కొంచెంసేపు చూశాడు. అక్కడ వద్దనే మాట ఏదీ కనిపించలేదు.

"అయితే నువ్వే జోకి చెప్పు బిడ్డా," అన్నాడు. "గీసారి తరుగు తియ్యకు."

సుమిత్ర అతన్ని తల నుంచి వట్టి కాళ్లదాకా, ముల్లు నిలిచేదాకా చూసినట్టే ఊపిరి బిగబట్టి చూసింది.

"సరిపోయిండు, బాపూ," అంది.